దేవగన్నేరు ఆకుల మీద మచ్చలు: మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఐదేళ్ల దేవగన్నేరు చెట్టు, నిండుగా ఆకు ఉండేది. వానలు మొదలయ్యాక ఆకుల పైభాగాన పసుపు చుక్కలు లేచాయి, అవి గోధుమరంగుకు తిరిగాయి, ఆకులు కుప్పలుగా రాలుతున్నాయి. పక్కనే ఉన్న క్రేప్ మిర్టిల్ అనే పూలచెట్టు చిగుళ్ల మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. రెండింటికీ కలిపి వారానికోసారి, మూడు వారాలు కార్బెండజిమ్ అనే శిలీంద్రనాశిని కొట్టారు. మధ్యలో వేపనూనె కూడా. తెల్లపిండి కాస్త తగ్గింది గానీ దేవగన్నేరు రాలడం ఆగలేదు. చెట్టు పోతుందా, కొట్టేయాలా, ఇంకా గట్టి మందు ఏదైనా ఉందా అని అడిగారు.

చెట్టు పోదు. దయచేసి కొట్టేయకండి. గట్టి మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు మచ్చలున్న ఆకు ఒకటి కోసి వెనక్కి తిప్పండి. కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, దేవగన్నేరు పాలు కొందరి చర్మానికి పడవు.

పైన పసుపు చుక్క ఉన్నచోట, సరిగ్గా దాని వెనుక, నారింజ రంగు పొడి కుప్పలు చిన్నచిన్న బుడిపెల్లా కనిపించాలి. వేలితో రుద్దితే పసుపు అంటినట్టు అంటుకుంటుంది. తెల్ల కాగితం మీద ఆకును తడితే సన్నటి నారింజ దుమ్ము రాలుతుంది. అలా ఉంటే అది తుప్పు తెగులు. కోలియోస్పోరియం ప్లుమేరియే అనే శిలీంద్రం దీనికి కారణం. మీరు చెప్పిన లక్షణాలు, వాన మొదలవగానే రావడం, మీరు కొట్టిన మందు పనిచేయకపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే నాకు దాదాపు అనుమానం లేదు. అయినా మీ కళ్లతో ఆ పొడిని చూశాకే ముందుకు వెళ్లండి.

భూతద్దం ఉంటే ఇంకో చిత్రం కూడా కనిపించవచ్చు. ఆ నారింజ పొడిలో, అదే రంగులో, చాలా చిన్న పురుగు పిల్లలు మెల్లగా కదులుతూ ఉంటాయి. వాటిని చూసి చాలామంది "ఈ పురుగే ఆకును తినేస్తోంది" అనుకుని పురుగుమందు కొడతారు. అవి మైకోడిప్లోసిస్ అనే ఒక రకం చిన్న ఈగ పిల్లలు. తినేది ఆకును కాదు, తుప్పు పొడిని. వాటంతట అవి తెగులును అదుపు చేయలేవు గానీ మన పక్షానే ఉన్నాయి, వదిలేయండి.

ఇక మీ మందు ఎందుకు పనిచేయలేదో చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక తోటలో ఇదే తెగులుకు ఇదే మందు నాలుగుసార్లు కొట్టించాను. ప్రతిసారీ మోతాదు సరిచూసుకున్నాను, పిచికారి ఒత్తిడి సరిచూసుకున్నాను, మందు మాత్రం సరైనదో కాదో చూసుకోలేదు. కార్బెండజిమ్, దాని కుటుంబంలోని మందులు ఆకుమచ్చలు, బూడిద తెగులు, ఆంత్రాక్నోస్ (మచ్చపడి మాడిపోయే తెగులు) లాంటి వాటి మీద పనిచేస్తాయి. తుప్పు తెగుళ్ల మీద వాటి ప్రభావం చాలా తక్కువ. మీ క్రేప్ మిర్టిల్ మీద తెల్లపిండి తగ్గి, దేవగన్నేరు తుప్పు తగ్గకపోవడానికి కారణం అదే. రెండు చెట్లకు రెండు వేర్వేరు తెగుళ్లు వచ్చాయి, మీరు ఒకే మందు కొట్టారు.

క్రేప్ మిర్టిల్ మీద ఉన్నది బూడిద తెగులు. లేత చిగుళ్లు, మొగ్గలు తెల్లబడతాయి, ఆకులు ముడుచుకుని వంకర తిరుగుతాయి, ఒక్కోసారి అంచులు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఈ తెగులు స్వభావం మిగతావాటికి పూర్తిగా వేరు. మిగతా శిలీంద్రాలలో చాలావాటికి ఆకు మీద నీటి తడి కావాలి. దీనికి అక్కర్లేదు, పైగా ఆకు మీద నీళ్లు నిలిస్తే దీని సిద్ధబీజాలు, అంటే శిలీంద్రానికి విత్తనాల్లాంటి సన్నటి కణాలు, సరిగా మొలకెత్తవు. పగలు పొడిగా, రాత్రి గాలిలో తేమగా, చెట్టు నీడలో ఉంటే చాలు, విజృంభిస్తుంది. అందుకే జోరువానల్లో కాస్త తగ్గినట్టు ఉండి, వానలు వెనకబట్టాక మళ్లీ వస్తుంది. ఆ చెట్టుకు ఎండ ఎన్ని గంటలు తగులుతోందో మీరు రాయలేదు. ఆరు గంటలకంటే తక్కువైతే ఏ మందు కొట్టినా ఏటా మళ్లీ వస్తుంది. పైన ఉన్న కొమ్మలు తీసి ఎండ పడేలా చేయడమే అసలు వైద్యం.

అదే చెట్టుకు వానాకాలం చివర్లో ఇంకోటి రావచ్చు, ఇప్పుడే చెప్పి ఉంచుతాను. కింది ఆకులతో మొదలై గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ ఆకంతా పసుపు, నారింజ, ఎరుపు రంగులకు తిరిగి రాలిపోవడం. అది సెర్కోస్పోరా ఆకుమచ్చ తెగులు. అప్పటికి పూత అయిపోవస్తుంది, ఆకు తన పని చాలావరకు ముగించి ఉంటుంది, కాబట్టి పెద్ద చెట్టుకు దానివల్ల జరిగే నష్టం తక్కువ. నేనైతే మందు కొట్టను, రాలిన ఆకు ఊడ్చేస్తాను.

మచ్చ కనబడగానే శిలీంద్రం అనుకోవడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. నా దగ్గరకు తెచ్చే ఆకుల్లో చాలా వాటికి శిలీంద్రనాశినితో పనే ఉండదు. అందుకే ఆకును ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను.

శిలీంద్రం చేసిన మచ్చ సాధారణంగా గుండ్రంగా ఉంటుంది, మధ్యలో బూడిదరంగు లేక లేత గోధుమరంగు, చుట్టూ ముదురు అంచు. చెట్టంతా ఒకేసారి రాదు, కిందినుంచి పైకి, లోపలినుంచి బయటికి పాకుతుంది. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో చూస్తే మచ్చ మధ్యలో మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. సిద్ధబీజాలు తయారయ్యేది అక్కడే. అవి కనబడకపోతే ఒక పని చేయండి. మచ్చలున్న ఆకులు రెండు, తడిపి పిండిన కాగితపు రుమాలుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, నీడలో రెండు మూడు రోజులు ఉంచండి. శిలీంద్రమే అయితే మచ్చ మీద చుక్కలు తేలతాయి, లేదా నూగు వస్తుంది. ఆంత్రాక్నోస్ కలిగించే కొల్లెటోట్రైకం అయితే లేత గులాబీ లేక నారింజ రంగు జిగురు చుక్కలు పొడుచుకొస్తాయి. ఒక్క జాగ్రత్త: కుళ్లిన ఆకు మీద మామూలు బూజు కూడా వస్తుంది. పచ్చగా ఉన్న భాగం పక్కన, మచ్చ అంచున ఏం వచ్చిందో అదే లెక్కలోకి తీసుకోండి.

బాక్టీరియా మచ్చ గుండ్రంగా ఉండదు. ఈనెల మధ్య ఇరుక్కున్నట్టు కోణాలతో ఉంటుంది, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నూనె పడ్డ కాగితంలా కనిపిస్తుంది. మచ్చ అంచును కొత్త బ్లేడుతో కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన ముక్కను అందులో ముంచి కదపకుండా పట్టుకోండి. వెనుక నల్ల గుడ్డ పెట్టి చూస్తే, బాక్టీరియా ఉన్నచోట నుంచి సన్నటి పాలధార లాంటిది కిందికి జారడం కొన్నిసార్లు కనిపిస్తుంది. దేవగన్నేరుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, దాని పాలే నీళ్లలో కలిసి మిమ్మల్ని మోసం చేస్తాయి.

ఆకు మీద నల్లటి మసి పట్టి, తడిగుడ్డతో తుడిస్తే ఊడి వచ్చి కింద పచ్చటి ఆకు బయటపడితే అది మసి తెగులు. ఆ శిలీంద్రం ఆకును తినదు. పైన కొమ్మలకు పట్టిన పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక, తెల్లదోమ విసర్జించే తియ్యటి జిగురు మీద పెరుగుతుంది. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే అనుమానం వద్దు. పురుగును అదుపు చేస్తే మసి దానంతటదే పోతుంది. శిలీంద్రనాశిని ఎన్ని నెలలు కొట్టినా ప్రయోజనం లేదు.

అంచులు మాత్రమే, అందులోనూ కొసల నుంచి, ఎండిపోతే అది నీటి ఎద్దడి, ఉప్పునీరు, ఎరువు ఎక్కువ కావడం, లేదా వేరుకు దెబ్బ. కానుగ ఆకుల మీద వేళ్లలా లేచిన బుడిపెలు కంటికి కనబడని నల్లి పని. ఆకు పైన ముఖమల్ ముక్కలా ఉబ్బెత్తుగా, పచ్చ-బూడిద రంగులో మొదలై తుప్పు రంగుకు తిరిగే గుండ్రటి మచ్చలు సెఫల్యూరోస్ అనే నాచువల్ల వస్తాయి. దానికి రాగి మందు పనిచేస్తుంది. రంగు చూసి దాన్ని తుప్పు తెగులు అనుకుంటారు, కానీ తుప్పు పొడి వేలికి అంటుకుంటుంది, నాచు అంటదు.

కొన్ని నిజమైన శిలీంద్ర తెగుళ్లకు కూడా ఏమీ చేయనక్కర్లేదు. మేపుల్ చెట్ల ఆకుల మీద తారు చుక్కలు పడ్డట్టు నల్లగా నిగనిగలాడే మచ్చలు వస్తాయి, రైటిస్మా అనే శిలీంద్రంవల్ల. చూస్తే భయమేస్తుంది, చెట్టుకు మాత్రం ఏమీ కాదు. గాలిలో గంధకపు పొగ ఎక్కువగా ఉన్నచోట ఈ శిలీంద్రం బతకలేదు, అందుకే గాలి ఎంత శుభ్రంగా ఉందో తెలుసుకోవడానికి దీన్ని గుర్తుగా వాడినవారు కూడా ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. బూడిద తెగులు తప్ప ఆకు తెగుళ్లలో చాలావాటి లెక్క ఒకటే: ఆకు ఎన్ని గంటలు ఆగకుండా తడిగా ఉంది అన్నది. సిద్ధబీజం ఆకు మీద పడగానే తెగులు రాదు. అది మొలకెత్తి, ఆకు పొరను గాని పత్రరంధ్రాన్ని గాని దాటి లోపలికి దిగేదాకా తడి ఆరకూడదు. ఆపిల్ జాతి చెట్లకు వచ్చే గజ్జి తెగులు మీద దీన్ని చాలా లోతుగా లెక్కగట్టారు. అనుకూలమైన వెచ్చదనంలో ఆరు నుంచి తొమ్మిది గంటలు తడి ఉంటే తెగులు పట్టుకుంటుంది. అంతకు ముందే ఆకు ఆరితే ఆ సిద్ధబీజాలు చాలావరకు వృథా. తోటమాలి చేసే పనుల్లో సగం ఆ తడి గంటలను తగ్గించడానికే.

సాయంత్రం గొట్టంతో చెట్టు మీద నీళ్లు కొడితే ఆకు తెల్లవార్లూ తడిగా ఉంటుంది. పొద్దున, చెట్టు మొదలు దగ్గర మాత్రమే పోస్తే ఆ పన్నెండు గంటలు మిగులుతాయి. లోపల ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండినవి, లోపలికి పెరిగేవి తీసేస్తే గాలి ఆడుతుంది, వాన వెలిసిన గంటలో ఆకు ఆరిపోతుంది. ఒక ఏడాదిలో పచ్చి కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకండి. దేవగన్నేరు కొమ్మను పొడి రోజున కోయండి, తడిలో కోస్తే కొమ్మ కుళ్లు మొదలవుతుంది. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. యూరియా ఎక్కువ వేస్తే లేత ఆకు ఎడాపెడా వస్తుంది, బూడిద తెగులుకు ఇష్టమైనది అదే. ఈ సీజన్‌కు ఎరువు ఆపండి.

రాలిన ఆకు విషయంలో మొహమాటం వద్దు. ఆకుమచ్చ, గజ్జి, ఆంత్రాక్నోస్ శిలీంద్రాలు రాలిన ఆకులోనే తలదాచుకుని మళ్లీ కొత్త చిగురు వచ్చేవేళకు సిద్ధబీజాలు వదులుతాయి. ఊడ్చి తీసేయండి. బాగా వేడెక్కే కంపోస్టు కుప్ప, అంటే మధ్యలో 55 డిగ్రీల సెల్సియస్ దాటేది ఉంటే అందులో వేయవచ్చు. మూలన పడేసిన చల్ల కుప్పలో వద్దు. పెద్ద తోటల్లో ఊడ్వడం కుదరకపోతే, రాలిన ఆకుల మీద 5 శాతం యూరియా ద్రావణం చల్లుతారు. ఆకు త్వరగా కుళ్లిపోతుంది, శిలీంద్రానికి ఇల్లు ఉండదు. చెట్టు మీది ఆకులకు అది తగిలితే మాడిపోతాయి, నేల మీదకే చల్లాలి.

తుప్పు శిలీంద్రం సంగతి కొంచెం వేరు. అది బతికున్న ఆకు మీదే బతుకుతుంది. దేవగన్నేరు చలికాలంలోనో ఎండు కాలంలోనో ఆకంతా రాల్చి మోడుగా నిలిచినప్పుడు దాని గొలుసు తెగుతుంది. కొత్త ఆకు దాదాపు శుభ్రంగానే వస్తుంది. తర్వాత పక్క చెట్ల నుంచి గాలిలో సిద్ధబీజాలు వచ్చి, తడి దొరకగానే మళ్లీ మొదలు. కాబట్టి మీరొక్కరే ఊడ్చినంతమాత్రాన పూర్తిగా పోదు, కానీ మొదట్లో మచ్చపడిన నాలుగు ఆకులను అప్పుడే తెంపేస్తే రెండు మూడు వారాలు కలిసొస్తాయి. పొడి ఎగరకుండా ఆకును మెల్లగా సంచిలోకి దించి కోయండి.

మందుల గురించి మొదట ఒక మాట గుర్తుంచుకోండి: పడిన మచ్చ మానదు. ఏ మందు కొట్టినా మచ్చ ఉన్నచోట పచ్చదనం తిరిగి రాదు. మందు కాపాడేది ఇంకా మచ్చపడని ఆకును. "కొట్టినా మచ్చలు పోలేదు" అని మోతాదు పెంచేవాళ్లను చాలామందిని చూశాను, అది చాలా బాధ కలిగిస్తుంది. పాత ఆకును చూడకండి, కొట్టాక వచ్చిన కొత్త ఆకును చూడండి.

మీ దేవగన్నేరుకు రక్షణగా మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరు నీటికి 2.5 గ్రాములు. ఇది ఆకు పైపొర మీద మాత్రమే ఉండి కాపలా కాస్తుంది, లోపలికి దిగదు, వానకు కొట్టుకుపోతుంది. తెగులు ఇప్పటికే ముదిరింది కాబట్టి మొదటిసారి లోపలికి దిగే ప్రొపికొనజోల్ 25 శాతం లీటరుకు 1 మి.లీ., రెండు వారాల తర్వాత మాంకోజెబ్, ఆ తర్వాత అవసరమైతేనే మళ్లీ ప్రొపికొనజోల్. ఇలా కుటుంబం మార్చి కొట్టాలి. ఒకే కుటుంబం మందు పదేపదే కొడితే తట్టుకునే శిలీంద్రమే మిగిలి, పెరుగుతుంది. డబ్బా మీద ఉండే కుటుంబ సంఖ్య చూడండి. ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్ రెండూ 3వ గుంపే, పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. నేను చెప్పిన మోతాదుకూ మీ డబ్బా మీద ఉన్నదానికీ తేడా ఉంటే డబ్బాదే పాటించండి. మందు ఆకు వెనుక తడవాలి, తుప్పు ఉన్నది అక్కడే. మీరు రాసిన ఎత్తు, అంటే పది అడుగులు, నేల మీద నిలబడి కొట్టగలిగేదే. ముప్పై అడుగుల చెట్టయితే కొట్టవద్దనే అంటాను. సగం మందు గాలిలో పోయి పక్కవాళ్ల మీద పడుతుంది.

క్రేప్ మిర్టిల్‌కు నీటిలో కలిసే గంధకం 80 శాతం, లీటరుకు 3 గ్రాములు చాలు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున కొట్టకండి, ఆకు మాడుతుంది. మీరు వేపనూనె కొట్టారు కాబట్టి, ఆ రోజు నుంచి కనీసం రెండు వారాలు గడిచాకే గంధకం ముట్టుకోండి. నూనె, గంధకం కలిస్తే చిగురంతా కాలిపోతుంది. ఈలోగా బాగా తెల్లబడ్డ చిగుళ్లను కత్తిరించి పారేయండి, సగం పని దాంతోనే అయిపోతుంది.

ఇంట్లో చేసుకునేది కావాలంటే బోర్డో మిశ్రమం ఉంది, ఆకుమచ్చలకు, నాచుకు మంచిది. 1885లో ఫ్రాన్సులో మిల్లార్డే అనే శాస్త్రవేత్త దీన్ని లోకానికి చెప్పారు. దారిపక్క ద్రాక్షతీగలకు, దొంగలు కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పూస్తే, ఆ తీగలకే తెగులు రాలేదని ఆయన గమనించారు. 100 గ్రాముల మైలుతుత్తం ఐదు లీటర్ల నీటిలో, 100 గ్రాముల మంచి సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, వడగట్టి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కలపాలి. మెరిసే ఇనుప చాకును అందులో నిమిషం ముంచి తీస్తే రాగి రంగు పట్టకూడదు. పడితే సున్నం చాలలేదు, ఇంకా కలపండి. అదే రోజు వాడేయండి. చల్లగా, ముసురుగా ఉన్న రోజుల్లో లేత చిగురు మీద రాగి మందు కొట్టకండి, మచ్చలు పడతాయి.

ఏ మందైనా గాలి లేని ఉదయం, చేతికి తొడుగులు, కళ్లజోడు, ముక్కుకు ముసుగుతో కొట్టండి. ఆకు ఆరేదాకా పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ దగ్గరికి రానివ్వకండి. మాంకోజెబ్‌కు ఐరోపా సమాఖ్య 2020లో అనుమతి పొడిగించలేదు, ఆరోగ్యం మీద దాని ప్రభావం గురించిన అభ్యంతరాలే కారణం. మీరున్న చోట అనుమతి ఉందో లేదో చూసుకోండి, ఉన్నా అవసరం మేరకే వాడండి. దేవగన్నేరు పూలు కోసుకునే అలవాటుంటే కొట్టాక ఆ వారాలు కోయకండి.

చెట్టు పోతుందేమోనన్న భయం గురించి: వేరు బాగా పట్టిన చెట్టు ఒక ఏడాది ఆకంతా రాల్చినా తట్టుకుంటుంది. ఆందోళన పడవలసింది నాటి రెండు మూడేళ్లు కూడా కాని మొక్కలకు, వరసగా మూడేళ్లు సీజన్ మధ్యలోనే ఆకు రాల్చిన చెట్లకు, ఆకుతోపాటు కొమ్మ కొసలు ఎండుతూ వస్తున్నవాటికి, బెరడు మీద గుంటలు పడ్డవాటికి. దేవగన్నేరు కొమ్మను గోటితో కొద్దిగా గీకి చూడండి, కింద పచ్చగా ఉండి పాలు కారితే బతికే ఉంది. కొమ్మ నొక్కితే మెత్తగా లోపలికి పోతే మాత్రం అది ఆకు తెగులు కాదు, కుళ్లు. అప్పుడు నీళ్లు ఆపి, గట్టి భాగం వచ్చేదాకా కోసేసి, ఆ కోసిన చోటి ఫోటో పెట్టండి.

ఈ వారం చేయవలసింది ఇంతే. ఆకు తిప్పి పొడి చూడండి. బాగా మచ్చపడ్డ కింది ఆకులు సంచిలోకి కోయండి, కొసన ఉన్న ఆకులు ఉంచండి, చెట్టుకు తిండి అవే. రాలినవి ఊడవండి. వాన పడదనుకున్న ఉదయం ప్రొపికొనజోల్ ఒకసారి. మూడు వారాల తర్వాత ప్రతి కొమ్మ కొసన కొత్తగా విచ్చుకున్న రెండు మూడు ఆకులను తిప్పి చూడండి. వాటి వెనుక నారింజ పొడి లేకపోతే మందు డబ్బా లోపల పెట్టేయండి.